నదిలో ఎవరి వంతు ఎంత: కంపెనీ పడవలకూ సొంత పడవలకూ ప్రవేశం పంచే పద్ధతి

గ్రాండ్ కాన్యన్ నదీయాత్రలు మొదలయ్యే అరిజోనాలోని లీస్ ఫెర్రీ రేవులో వేసవి ఉదయం ఒక గంట నిలబడితే ఈ తగాదా మొత్తం కళ్లకు కడుతుంది. రేవుకు ఒక పక్కన దాదాపు 35 అడుగుల పొడవున్న మోటారు రాఫ్టులు సిద్ధంగా ఉంటాయి. కంపెనీ సిబ్బంది సామాను ముందుగానే సర్ది ఉంచుతారు కనుక, బస్సు దిగిన ప్రయాణికులు లైఫ్ జాకెట్లు తొడుక్కొని, జాగ్రత్తలు విని, కాసేపటిలో మలుపు దాటి కనుమరుగవుతారు. మరో పక్కన పదహారుమంది స్నేహితుల జట్టు ఒకటి ఎండలో చెమటలు కక్కుతూ చిన్న తెడ్ల రాఫ్టులకు పట్టీలు బిగిస్తూ ఉంటుంది. రేంజరు వచ్చి వారి లైఫ్ జాకెట్లను, అదనపు తెడ్లను, ఇసుక మాడకుండా నిప్పు వేసుకునే పళ్లేన్ని, మలాన్ని వెనక్కి మోసుకురావడానికి వాడే డబ్బాను ఒక్కొక్కటిగా తనిఖీ చేస్తాడు. ఈ ఇద్దరూ దిగేది ఒకే కొలరాడో నదిలోకి. డైమండ్ క్రీక్ దాకా సుమారు 226 మైళ్ల పొడవునా పడుకునేది అవే ఇసుక తిన్నెల మీద. మొదటివారు డబ్బు చెల్లించి టికెట్టు కొనుక్కున్నారు, రెండవవారు లాటరీలో గెలుచుకున్నారు.

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో నదీ యాత్రలకు పరిమితి ఉన్న చోట్ల, ఆ పరిమితిని గైడ్లతో నడిచే కంపెనీలకూ, తమ పడవను తామే నడుపుకొనే వారికీ ఎలా పంచాలన్న ప్రశ్న యాభై ఏళ్లుగా నలుగుతోంది. పార్కు అధికారులు ముసాయిదా ప్రణాళిక విడుదల చేసి ప్రజాభిప్రాయం కోరినప్పుడు సక్రమంగా ఒక వ్యాఖ్య రాయదలచిన వారికోసం, అలాగే పడవల క్లబ్బు తరఫున ఇటువంటి పంపకాన్ని పరిశీలించవలసి వచ్చిన వారికోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా గ్రాండ్ కాన్యన్‌వే, ఎందుకంటే ఈ పంపకంలో జరగగలిగిన పొరపాట్లూ దిద్దుబాట్లూ దాదాపు అన్నీ అక్కడ జరిగాయి.

ముందుగా మొత్తం ఎంతో తేల్చండి

ఎవరికి ఎంత శాతం అన్న మాట ఎత్తడానికి ముందు, పంచుకోవలసిన వస్తువు ఏమిటో స్పష్టంగా తెలియాలి. గ్రాండ్ కాన్యన్‌లో నీరు ఎన్ని పడవలకైనా సరిపోతుంది. సరిపోనివి రాత్రి బస చేయదగిన ఇసుక తిన్నెలు. 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట గేట్లు మూసినప్పటి నుంచి పైనుంచి వచ్చే ఇసుకా ఒండ్రూ ఆనకట్ట వెనుకనే ఆగిపోతున్నాయి; దిగువన ఉన్న తిన్నెలను ప్రవాహం కోస్తూ ఉంటే, వాటిని తిరిగి నింపే సరుకు తగినంత రావడం లేదు. అందువల్ల నది ఇరుకుగా ఉండి, విడిది చోట్లు తక్కువగా ఉన్న భాగం ఏదో చూసి, అక్కడ ఒక రాత్రికి ఎన్ని జట్లు ఒకదానికొకటి అడ్డుపడకుండా పడుకోగలవో లెక్కించాలి. రోజుకు ఎన్ని జట్లను వదలవచ్చునన్నది ఆ లెక్కనుంచి వెనక్కి వస్తుంది. హవాసు క్రీక్ వంటి చోట్ల, మధ్యాహ్నం పూట అందరూ ఒకేసారి ఆగే రద్దీ కూడా ఇటువంటిదే. ముసాయిదాలో ఈ లెక్క లేకుండా నేరుగా శాతాలు కనిపిస్తే, ఆ శాతాలకు పునాది ఏమిటని అడగడమే మీ మొదటి వ్యాఖ్య కావాలి.

ఒడ్డు ఎవరిదన్నది కూడా ఇక్కడే గమనించాలి. డైమండ్ క్రీక్ వద్ద పడవలను పైకి తీసేది హువాలపాయ్ అనే ఆదివాసీ తెగ భూమి మీద. దానికి తెగకు రుసుము చెల్లించాలి. అక్కడినుంచి దిగువకు ఆ తెగవారి సొంత యాత్రలు నడుస్తాయి. కంపెనీలూ సొంత పడవలవారూ కలిసి నదిని రెండు ముక్కలు చేసుకొని, మూడవ హక్కుదారును మరచిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

కొలమానాన్ని బట్టే వాటా మారుతుంది

ఈ విషయంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది ఇది: శాతాల గురించి వాదన మొదలు కావడానికి ముందే, దేనితో కొలుస్తున్నారన్న నిర్ణయంలో ఫలితం సగానికి పైగా తేలిపోతుంది. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 28 మంది ప్రయాణికులతో ఒక మోటారు యాత్ర 7 రోజులలో పూర్తయిందనీ, 16 మందితో ఒక సొంత యాత్ర 16 రోజులు సాగిందనీ అనుకుందాం. తలలు లెక్కిస్తే 28కి 16, కనుక కంపెనీదే పెద్ద వాటా. ఒక మనిషి ఒక రోజు నదిమీద గడపడాన్ని ఒక యూనిట్‌గా, అంటే ఒక మనిషి-రోజుగా, తీసుకుంటే, మన ఉపాధి హామీ పనిదినాల లెక్కలాగా, కంపెనీకి 196, సొంత జట్టుకు 256 వస్తాయి; పెద్ద వాటా చేతులు మారింది. తిన్నెమీద గడిపిన రాత్రులు లెక్కిస్తే 6కు 15. బయలుదేరిన యాత్రలను లెక్కిస్తే 1కి 1. యాత్రలు అవే రెండు, నది అదే, ఎవరూ అబద్ధమాడలేదు. అయినా నాలుగు జవాబులు వచ్చాయి.

ఇది కాగితం మీది వింత మాత్రమే కాదు. 2006లో ఆమోదం పొంది అమలులోకి వచ్చిన గ్రాండ్ కాన్యన్ ప్రణాళికలో కంపెనీలకు ఏడాదికి 1,15,500 మనిషి-రోజుల గరిష్ఠ పరిమితి ఉంది. సొంత యాత్రలకు 1,13,486 మనిషి-రోజులు అవుతాయని అంచనా వేశారు. ఈ కొలతతో చూస్తే ఇది దాదాపు సరిసగం పంపకం. అదే ప్రణాళికలో కంపెనీ యాత్రలు 598, సొంత యాత్రలు 503. అంటే రమారమి 54కు 46. అదే ప్రణాళిక అంచనాలలో ప్రయాణికుల సంఖ్య చూస్తే కంపెనీలతో వెళ్లేవారు సుమారు 17,600 మంది, సొంతంగా వెళ్లేవారు సుమారు 7,050 మంది. అంటే 71కి 29. "సగం సగం పంచారు" అని పార్కు అంటే అది నిజం, "పదిమందిలో ఏడుగురిని కంపెనీలే తీసుకుపోతున్నాయి" అని మరొకరు అంటే అదీ నిజం. కనుక ఎవరు ఏ శాతం చెప్పినా, అది ఏ కొలతతో వచ్చిందో అడగండి. మీ వ్యాఖ్యలో మాత్రం నాలుగు కొలతలనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టండి.

ఏ కొలత సరైనదన్న దానికి నా అభిప్రాయం చెప్పమంటే, నదికి నిజంగా కొరత దేనికి ఉందో ఆ కొలతే సరైనది అంటాను. కొరత తిన్నెలకైతే విడిది రాత్రులు. నడిచే దారుల మీద తొక్కిడి ఎక్కువైతే మనిషి-రోజులు. రేవు ఇరుకైతే రోజువారీ బయలుదేరే యాత్రలు. ఇడాహో రాష్ట్రంలోని సెల్వే నదిమీద మే 15 నుంచి జూలై 31 వరకు రోజుకు ఒకే ఒక్క యాత్రను వదులుతారు. ఆ 78 రోజులలో 62 సొంత జట్లకు, 16 కంపెనీలకు. అంత ఏకాంతంగా ఉన్న నదిమీద బయలుదేరే రోజులను పంచడమే అర్థవంతం. వేరే లెక్క అక్కరలేదు. అదే రాష్ట్రంలో శామన్ నది మిడిల్ ఫోర్క్ మీద రోజుకు ఏడు యాత్రలు: నాలుగు సొంతం, మూడు కంపెనీవి. కంపెనీల పక్షం తక్కువగా కనిపిస్తుంది గాని, సొంత జట్టుకు గరిష్ఠం 24 మంది, కంపెనీ జట్టుకు 30 మంది కావడం వల్ల తలల లెక్కలో 96కు 90, అంటే దాదాపు సమానం. ఆ సంఖ్యలను ఎంచినవారు రెండు కొలతలనూ కళ్లముందు పెట్టుకున్నట్టే ఉంది.

క్యాలెండరును విడిగా చూడండి

తెలుగులో వంతు అంటే వాటా అనీ అర్థం, తన పాలికి వచ్చిన సమయం అనీ అర్థం. ఏడాది మొత్తం మీద సగం వాటా ఇచ్చామన్నప్పుడు ఆ రెండవ అర్థం మరుగున పడుతుంది. గ్రాండ్ కాన్యన్‌లో కంపెనీ యాత్రలు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే సాగుతాయి. నవంబరు నుంచి మార్చి దాకా నది సొంత పడవలవారిదే. సెప్టెంబరు 16 నుంచి మార్చి 31 వరకు మోటార్లు నిషేధం. చలికాలపు నదికి దాని అందం దానికుంది, నిశ్శబ్దాన్ని కోరేవారు కావాలనే ఆ నెలలను ఎంచుకుంటారు. కాని డిసెంబరులో లోతైన కొండచీలిక అడుగున ఎండ పడేది కొద్దిసేపే, తెడ్డు పట్టిన చేతివేళ్లు కొంకర్లు పోతాయి, పిల్లలకు సెలవులుండవు. సొంత యాత్రల అనుమతులు 2006 ప్రణాళికతో ఏడాదికి 253 నుంచి 503కు పెరిగినా, ఆ పెరుగుదలలో చాలా భాగం వేసవికి బయట పడింది. అందువల్ల మీ పట్టికను వేసవి, వసంత-శరత్తులు, చలికాలం అని మూడు భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగంలో ఎవరి వాటా ఎంతో మళ్లీ వేసుకోవాలి. మొత్తం మీద న్యాయంగా కనిపించే పంపకం జూన్ నెలలో ఏమాత్రం న్యాయంగా ఉండకపోవచ్చు.

పాత వాడుకను హక్కుగా లెక్కించేటప్పుడు

1869లో అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ దళం ఈ దారిన వెళ్లిన తరువాత 1950 దాకా కాన్యన్ గుండా నదిలో పోయినవారు అటూ ఇటుగా వందమంది. 1967లో ఒక్క ఏడాదిలో 2,100 మంది దరిదాపుల్లో వెళ్లారు. 1972లో 16,400 పైచిలుకు. పార్కు భయపడి వాడకాన్ని 1972 స్థాయి వద్ద ఆపివేసింది. ఆ ఏడాది ఎవరు ఎంత వాడుకున్నారో అదే వాటాగా స్థిరపడింది: కంపెనీలకు 92 శాతం, సొంత పడవలకు 8 శాతం. ఆపవలసిన అవసరం నిజమే, ఆపిన రోజున ఎవరి చేతిలో ఏముంటే అది వారిదే అనడమే తప్పు. కంపెనీలు అప్పటికే ప్రకటనలతో, పెద్ద రాఫ్టులతో విస్తరించి ఉన్నాయి, సొంతంగా తెడ్డు వేయడం నేర్చుకున్న తరం అప్పుడే తలెత్తుతోంది.

దానిమీద కోర్టుకు వెళ్లినవారు ఓడిపోయారు. 1979లో తొమ్మిదవ సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు, రెండు వర్గాల మధ్య పంచే అధికారం జాతీయ పార్కులను నడిపే ప్రభుత్వ శాఖకు (నేషనల్ పార్క్ సర్వీస్) ఉందనీ, అది సహేతుకంగా ఉంటే చాలుననీ తీర్పు చెప్పింది. వాటా మారింది కోర్టు తీర్పుతో కాదు, తరువాతి ప్రణాళికతో: 1980ల ఆరంభానికి కంపెనీలకు 1,15,500, సొంత యాత్రలకు 54,450 మనిషి-రోజులు, అంటే 68కి 32. 2006 ప్రణాళికనూ మళ్లీ సవాలు చేశారు. 2010లో అదే కోర్టు దానినీ నిలబెట్టింది. దీనినుంచి ఆచరణలో తీసుకోవలసినది ఒకటే: మీ వాదనకు బలం ఉండేది ముసాయిదా దశలో. అక్కడ నోరు మెదపకుండా, తరువాత న్యాయస్థానం వచ్చి శాతాలు దిద్దుతుందని ఆశించడం వృథా.

గిరాకీని కొలవడం అనుకున్నంత సులువు కాదు

"ఎక్కువమంది కోరుకునే పక్షానికి ఎక్కువ ఇవ్వండి" అన్నది వినడానికి బాగానే ఉంటుంది. కాని రెండు పక్షాల గిరాకీ రెండు వేరు వేరు పాత్రలలో పోసి ఉంటుంది. కంపెనీ వైపు ధర వడపోస్తుంది. వేల డాలర్లు పెట్టలేనివారు అడగకుండానే తప్పుకుంటారు, వారి పేర్లు ఎక్కడా నమోదు కావు. సొంత యాత్రల వైపు ఒకప్పుడు వెయిటింగ్ లిస్టు వడపోసేది, ఇప్పుడు లాటరీ. తిరుమల సంగతి ఎరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికి ఆన్‌లైన్ కోటా, సర్వదర్శనానికి క్యూ. డిప్‌లో పేరిచ్చినవారి సంఖ్యనూ క్యూలో నిలబడినవారి సంఖ్యనూ పక్కపక్కన పెట్టి, భక్తి ఎక్కడ ఎక్కువో తేల్చగలరా?

పాత వెయిటింగ్ లిస్టునే చూడండి. 2000ల ఆరంభంలో దానిని మూసేనాటికి 8,000కు పైగా పేర్లున్నాయి. ఏడాదికి 250 యాత్రల చొప్పున అవి పూర్తిగా కరగడానికి 32 ఏళ్లు పడుతుంది. మధ్యలో మానుకునేవారిని తీసివేసినా ఇరవై ఏళ్ల మాట. అంత పొడవైన జాబితా గిరాకీని చూపిస్తుంది, ఉబ్బిస్తుంది కూడా: ఎప్పటికో గాని వంతు రాదని తెలిసినవారు అవసరం రాకముందే పేరు రాయించుకుంటారు, ఒకే జట్టులోని నలుగురు నాలుగు పేర్లు ఇస్తారు. అందువల్ల వ్యాఖ్యలో జాబితా పొడవును ఒక్కదాన్నే ఆయుధంగా పట్టుకోకండి. దానికంటే పనికివచ్చే కోరిక ఒకటుంది: కంపెనీతో వెళ్లదలచినవారైనా, సొంతంగా వెళ్లదలచినవారైనా ఒకే రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలనీ, కొన్నేళ్లపాటు ఆ సమాచారాన్ని సేకరించిన తరువాతనే వాటాలను సవరించాలనీ అడగడం. గ్రాండ్ కాన్యన్‌లో 2004 నాటి ముసాయిదాలో ఇటువంటి సవరించదగిన వాటా ఆలోచన వచ్చింది. తుది నిర్ణయంలో స్థిరమైన వాటాయే మిగిలింది. అది చేజారిన మంచి అవకాశమని నా అభిప్రాయం.

ఇంతకంటే ముందుకు వెళ్లి, అసలు వాటాలే వద్దు, ముందు అందరూ ఒకే చోట అనుమతి పొందాలి, గైడు కావాలో వద్దో ఆ తరువాత తామే తేల్చుకోవాలి అనేవారున్నారు. 1970ల వ్యాజ్యంలో వాదుల కోరిక కూడా ఇదే తరహాది. సూత్రంగా దీనికంటే శుభ్రమైన పద్ధతి లేదు. చిక్కు ఎక్కడంటే, వచ్చే వేసవిలో ఎంతమంది వస్తారో తెలియని కంపెనీ పడవలు కొనదు, మంచి గైడ్లను నిలుపుకోలేదు. ఇండియానుంచి ఆరునెలలకు వచ్చిన అరవై అయిదేళ్ల తల్లిదండ్రులకు కాన్యన్ చూపించాలనుకునే ఫీనిక్స్ తెలుగు ఉద్యోగికి తెడ్డు వేయడం రాదు, పదహారు రోజుల సెలవు దొరకదు. ఆ కుటుంబానికి వారం రోజుల కంపెనీ మోటారు యాత్ర తప్ప దారి లేదు. కంపెనీలను కేవలం దళారులుగా చూసే వ్యాఖ్య ఈ మనుషులను లెక్కలోంచి కొట్టివేస్తుంది. అందుకే నా సూచన మధ్యేమార్గం: ఇరుపక్షాలకూ ఒక స్థిరమైన కనీస వాటా ఉంచి, మిగిలిన కొద్ది భాగాన్ని, ఉదాహరణకు పదోవంతును, కొన్నేళ్లకొకసారి రిజిస్టరు చూపే గిరాకీని బట్టి అటూ ఇటూ కదిలించడం.

సొంత పక్షం లోపలి పంపకం, చిల్లులు

వాటా దక్కిన తరువాత దానిని లోపల ఎలా పంచుతారన్నది తక్కువ విషయమేమీ కాదు. గ్రాండ్ కాన్యన్ లాటరీలో గత నాలుగేళ్లలో నదికి వెళ్లనివారికి అయిదు అవకాశాలు, ఇటీవల వెళ్లినవారికి అంతకంటే తక్కువ. పాత జాబితాలో ఏళ్ల తరబడి వేచినవారు లాటరీలోకి మారినప్పుడు, వేచిన ఏళ్లను బట్టి అదనపు అవకాశాలు ఇచ్చారు. పద్ధతి మార్చే ప్రతి ప్రణాళికలోనూ ఇటువంటి పరివర్తన నిబంధన ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఓపికగా నిలబడినవారే మొదట నష్టపోతారు. ఏడాదికి ఒక మనిషికి ఒకే యాత్ర అన్న నియమం, కంపెనీ ప్రయాణికులకూ సొంత జట్లకూ ఒకేలా వర్తించేటట్టు, ఉండాలి. గ్రాండ్ కాన్యన్‌లో అది ఉంది.

చిల్లులు రెండు చోట్ల పడతాయి. సొంత అనుమతిని చూపించి, డబ్బు పుచ్చుకొని మనుషులను తీసుకుపోయే మారువేషపు వ్యాపారం ఒకటి. సొంత యాత్రలో ఖర్చు అందరూ సమంగా భరించాలి, నాయకుడికి లాభం ఉండకూడదు. పడవలూ వంటసామానూ అద్దెకు ఇచ్చే దుకాణం ఉండవచ్చు గాని, జీతం పుచ్చుకునే గైడు ఉండరాదు. ఆ గీత ముసాయిదాలో స్పష్టంగా లేకపోతే అడగండి. రెండవది వాడకుండా వదిలేసిన రోజులు. రద్దయిన సొంత అనుమతులు మధ్యమధ్య జరిగే చిన్న లాటరీలలో మళ్లీ బయటికి వస్తాయి. కంపెనీల చేతిలో మిగిలిపోయిన రోజులు కూడా ఒక నిర్ణీత తేదీ తరువాత ఉమ్మడి ఖాతాకు తిరిగి రావాలని కోరడం సమంజసం.

వ్యాఖ్య రాసేటప్పుడు

అధికారులు వ్యాఖ్యలను ఓట్లుగా లెక్కించరు. ఒకే ఉత్తరాన్ని అయిదువందలమంది సంతకం చేసి పంపినా, దానిలో ఉన్నది ఒక్క వాదన అయితే సాధారణంగా ఒక్క వాదనగానే జవాబిస్తారు. కనుక సంతకాలు పోగు చేయడానికి పట్టే సమయాన్ని పట్టిక మీద పెట్టండి. ముసాయిదాలో ఏ ప్రత్యామ్నాయాన్ని గురించి మాట్లాడుతున్నారో పేరు, పేజీ సంఖ్య ఇవ్వండి. అందులో ఏ కొలత వాడారో చెప్పి, మిగతా మూడు కొలతలతో, మూడు కాలాలలో వచ్చే వాటాలను పక్కన చూపండి. మీరు కోరే మార్పు ఒక్క వాక్యంలో ఉండాలి: జూన్ నెలలో వారానికి ఇన్ని సొంత యాత్రలు పెంచండి, దానికి బదులుగా సెప్టెంబరులో ఇన్ని కంపెనీలకు ఇవ్వండి అన్నట్టుగా. ఆ మార్పువల్ల ఇరుకైన భాగంలో ఒక రాత్రికి విడిది చేసే జట్ల సంఖ్య ఎంత మారుతుందో మీరే లెక్కగట్టి రాస్తే, దానిని తోసిపుచ్చడం కష్టమవుతుంది. మీకు ఆ నదితో ఉన్న అనుభవాన్ని రెండు వాక్యాలలో చెప్పవచ్చు. అంతకు మించితే చదివేవారు పట్టిక దాకా రారు.

గడువు తేదీకి వారం ముందే పంపి, అందిన రసీదును దాచుకోండి. తుది నివేదిక వెలువడినప్పుడు వ్యాఖ్యలకు సమాధానాలు ఇచ్చే భాగాన్ని తెరిచి, మీ అంశానికి ఏం జవాబిచ్చారో వెతకండి. పార్కు మనిషి-రోజుల లెక్క ఒక్కటే మళ్లీ చెప్పి ఊరుకుందా, మీ పట్టికలోని మిగతా మూడు గడులకు కూడా సమాధానం ఇచ్చిందా అన్నది అక్కడ తెలుస్తుంది. ఇవ్వకపోతే, ఆ ఖాళీ గడులతోనే తరువాతి ప్రణాళికకు మీ వ్యాఖ్య మొదలుపెట్టండి.